డాష్‌బోర్డు మీద ఆరిన దీపం

ఆ సాయంత్రం ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం నుంచి అప్పట్లో మేం చదువుకునే జీగెన్ వస్తున్నప్పుడు చక్రి అన్న కారులో డాష్‌బోర్డు లైట్లు రాకుండా చేసింది నేను. వైరు కాలిపోలేదు, బల్బులు మాడిపోలేదు, దేవుడికి కోపం రాలేదు. అప్పుడే విమానం దిగి, మొదటిసారి ఆ కారులో కూర్చున్న అతని భార్య హైమవతి పాదం మంచిది కాకపోవడం వల్ల అసలే కాదు. బయలుదేరే ముందు హెడ్‌లైట్ల స్విచ్చు వెనక ఒక చిన్న పిన్నును నేను వెనక్కి లాగి పెట్టాను. ఈ మాట ఆ దారిలోనే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. తర్వాత ఎన్నో పండగలకు కలుసుకున్నాం, ఒకరింట్లో ఒకరం తిన్నాం, అప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది నేను మంచివాడినని అనిపించుకోవడానికి కాదు. చక్రి అన్న మీద నా కోపం ఇప్పటికీ తీరలేదు. అతన్ని ఆ రోజు ఇబ్బంది పెట్టినందుకు నాకు పెద్ద బాధ కూడా లేదు. బాధ పడవలసింది ఇంకొకరి విషయంలో. అది నాకు ఎంత ఆలస్యంగా అర్థమైందో చెప్పాలంటే మొన్నటి సంగతితో మొదలుపెట్టాలి.

మేమిప్పుడు ఉండేది కార్ల్స్‌రూహెలో. మా అమ్మాయి సాహితికి డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది, తన ఈడు ఉన్న ఒక పాత కారు కొనుక్కుంది. తలుపు తీస్తే లోపలి లైటు వెలగదు. కొత్త లైసెన్సు పిల్లకు అదే పెద్ద లోటు. ఇలాంటివి నేను చిన్నప్పటి నుంచీ చూస్తూ వచ్చినవాణ్ణి. తలుపు మూసుకునే చోట రబ్బరు టోపీ పెట్టుకున్న చిన్న స్విచ్చు ఒకటి ఉంటుంది, అది తుప్పు పడితే తలుపు తెరిచిన సంగతి కారుకు తెలియదు. స్క్రూ విప్పి, స్విచ్చు బయటికి లాగి గరుకు కాగితంతో రుద్దుతున్నాను. "డాడీ, నోఖ్ నిష్ట్," ఇంకా రాలేదని సాహితి లోపలి నుంచి అరుస్తోంది. అదే రోజు చక్రి అన్న ఏదో పని మీద కాట్‌బస్ నుంచి వచ్చాడు, హైమ వదిన కూడా వచ్చింది. లైటు వెలిగాక మా ఆవిడ పద్మ కారుకు పసుపు బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. పై అంతస్తు జర్మన్ పెద్దావిడ ఎప్పటిలాగే బాల్కనీలో నిలబడి నిమ్మకాయల వంక అనుమానంగా చూస్తోంది. పద్మ అంది, "అక్కా, పెద్దవారు, ముందు మీరు ఎక్కి కూర్చోండి. తర్వాత పిల్ల నడుపుతది."

హైమ వదిన రెండడుగులు వెనక్కి వేసింది. "అమ్మో, నన్ను ఎక్కించకమ్మా. నేనెక్కితే లైట్లు ఆరిపోతాయి. మీ ఆయన ఇంత కష్టపడి ఇప్పుడే కదా వెలిగించారు," అని నవ్వింది.

చక్రి అన్న ఇంకా గట్టిగా నవ్వాడు. "అది మా ఇంట్లో రికార్డు. ఈవిడ దిగింది, నా కారు చీకటైంది. అడగండి, నర్సిగాడు సాక్షి!" అని నా వైపు వేలు చూపించాడు.

సాహితికి ఆ కథ తెలియదు, చెప్పమని పట్టుబట్టింది. వదిన చెప్పింది. చేయి తిరిగిన కథకురాలిలా, నవ్వు ఎక్కడ రావాలో అక్కడ ఆగుతూ చెప్పింది. చాలాసార్లు చెప్పిందని తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత వాళ్ళు కాట్‌బస్‌లో ఇల్లు కొనుక్కున్నప్పుడు పాల గిన్నె పట్టుకుని ముందు గడప దాటింది ఆడపడుచు అని, తను వెనక వచ్చానని చెప్పింది. సొంత తమ్ముడి పెళ్ళిలో కొత్త జంటకు హారతి ఇవ్వడానికి తనే ముందుకు పోలేదట, "ఎందుకొచ్చిన గొడవ" అనుకుని. అంతా నవ్వుతూనే. సాహితి మాత్రం నవ్వలేదు. "దట్స్ సో మీన్. హూ సెడ్ దట్ టు యూ, ఆంటీ?" అని అడిగింది. నేను స్క్రూడ్రైవరు తుడుస్తున్నట్టు నటిస్తూ తల వంచుకుని ఉన్నాను. ఇన్నేళ్ళూ దాన్ని నాకూ చక్రి అన్నకూ మధ్య తెగిన లెక్కగానే చూసుకున్నాను. అది ఆమె మీద పడిందని ఆ దారిలోనే తెలిసినా, ఆమె దాన్ని ఇన్నేళ్ళూ మోస్తూ వచ్చిందని మాత్రం నాకు తట్టలేదు.

జీగెన్‌లో మా ఇల్లు గుట్ట మీద ఉండేది. బస్సు దిగి ఎక్కేసరికి చలికాలంలో కూడా చొక్కా తడిసేది. నలుగురం తెలుగువాళ్ళం, ఒక వంటిల్లు. పోపు వేస్తే పొగ అలారం మోగేది, అలారం మోగితే కింది అంతస్తు ముసలాయన చీపురు కర్రతో పైకప్పును కొట్టేవాడు. అందుకని ఆవాలు వేసే ముందు ఒకడు కుర్చీ ఎక్కి అలారానికి షవర్ టోపీ తొడిగేవాడు, అది మా ఇంట్లో ఒక ఉద్యోగం. వంట వంతులు, మెట్లు కడిగే వంతులు, ఎవరు ఎప్పుడు స్నానం చేయాలో అన్నీ చక్రి అన్న నిర్ణయించేవాడు. మా అందరికన్నా ముందు వచ్చినవాడు, తెనాలి వాడు. పొద్దున్నే లేచి, తల మీద నీళ్ళు కారుతుండగానే శ్లోకాలు చదువుతూ వంటింట్లో అగరొత్తులు వెలిగించేవాడు. పొగ పైకి పోవాలని పొయ్యి మీది ఫ్యాను వేసేవాడు. ఇప్పటికీ ఎక్కడైనా అగరొత్తి వాసనతో కాఫీ వాసన కలిసి వస్తే నాకు ఆ వంటిల్లు గుర్తొస్తుంది, వెంటనే పళ్ళు బిగుసుకుంటాయి.

నన్ను చేరదీసింది కూడా అతనే. ఊరు కొత్తగా ఉన్నప్పుడు అన్మెల్డుంగ్‌కు, అంటే ఆఫీసులో చిరునామా నమోదుకు, వెంట వచ్చాడు, గది ఇప్పించాడు, తన దుప్పటి ఇచ్చాడు. అది కూడా రాయాలి. కానీ చేసిన మేలుకు బదులుగా మనిషిని నలుగురిలో ఆడించే హక్కు తనకు ఉందనుకునేవాడు. మాది జగిత్యాల దగ్గర పల్లె. నేను నోరు తెరిస్తే చాలు, నా మాటను నాకే తిప్పి చెప్పేవాడు. దానికి అలవాటు పడ్డాను. పడలేనిది ఒకటి జరిగింది. ఒక పరీక్ష రెండోసారి కూడా తప్పాను. మూడోసారి తప్పితే యూనివర్సిటీ నుంచి పంపించేస్తారు. ఆ భయంలో, ఇంటికి ఫోన్ చేసినప్పుడు బాపుతో అబద్ధం చెప్పాను. "బాపూ, పాసైన. మంచిగనే వచ్చినయ్ మార్కులు" అన్నాను. పక్క గదిలో చక్రి అన్న విన్నాడు. వినాయక చవితికి ఊళ్ళో ఉన్న తెలుగు విద్యార్థులందరం ఒక హాస్టలు హాల్లో చేరాం. పులిహోర వడ్డిస్తూ వడ్డిస్తూ అతను గరిటె చెవికి పెట్టుకుని, నా గొంతుతో, "బాపూ, పాసైన!" అన్నాడు. హాలంతా పగలబడి నవ్వింది. అడిగినవాళ్ళకల్లా మళ్ళీ మళ్ళీ చేసి చూపించాడు. ఆ రోజు నుంచి నా పేరు పాసైన. "ఏరా పాసైన, పప్పు ఉడికిందా?" "పాసైనను లేపండ్రా, మెట్లు కడిగే వంతు వాడిదే."

పేరు పోయినా బతుకుతాం. కానీ ఆ హాల్లో మా వైపు అబ్బాయి ఒకడున్నాడు, వాడి మేనమామది మా ఊరే. బాపుకు ఊళ్ళో కిరాణా దుకాణం. కొడుకు పాసయ్యాడని వచ్చినవాళ్ళకల్లా పెడాలు పంచాడట. ఆ పెడా తిన్న మేనమామే మళ్ళీ వచ్చి అదే గల్లా ముందు నిలబడి అసలు సంగతి చెప్పి పోయాడు. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత ఫోన్ చేస్తే, "తిన్నవా బిడ్డా?" అని మాత్రం అడిగాడు. ఆ పరీక్ష నేను పాసయ్యాను, డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. పోయేదాకా బాపు నన్ను చదువు గురించి ఇంకెప్పుడూ ఏమీ అడగలేదు. అబద్ధం నాదే, కాదనను. దాన్ని గరిటెతో వడ్డించింది మాత్రం చక్రి అన్న. ఎలాగైనా తిప్పి కొట్టాలని, నా వంతు పప్పు కలుపుతూ, అతని శ్లోకాలు వింటూ, రోజూ అనుకునేవాణ్ణి. కొట్టడం కాదు. అతనికి బాగా ప్రియమైనవాళ్ళ ముందు అతను చేతకానివాడిగా నిలబడాలి. నాకు అది కావాలి.

అతని గొప్ప అంతా ఆ కారులో ఉండేది. పాత కారే, పక్క తలుపు కొద్దిగా వేరే రంగు. దాని డాష్‌బోర్డు మీద వేలెడంత వెంకటేశ్వర స్వామి, చుట్టూ ఎర్రగా వెలిగే చిన్న దీపాల వలయం. వాళ్ళమ్మ తెనాలిలో పూజ చేయించి పంపింది. హెడ్‌లైట్లు వేస్తే స్వామి కూడా వెలగాలని అతనే వైర్లు కలిపాడు. మీటర్లకు వెలుగిచ్చే వైరును బ్లేడుతో గీకి, స్వామి వైరు దానికి మెలిపెట్టి, టేపు చుట్టాడు. "అన్నా, గట్ల కలపద్దు, దానికి వేరే ఫ్యూజు పెట్టాలె," అన్నాను. నేను మెకట్రానిక్స్ చదువుతున్నాను, అతను కంప్యూటర్లు. "ముందు నువ్వు పాసవ్వు, తర్వాత నాకు చెబ్దువు," అన్నాడు. నిజానికి అతని టేపు బాగానే నిలిచింది.

చక్రి అన్న ఇండియా వెళ్ళి పెళ్ళి చేసుకుని వచ్చాడు. భార్య వీసా కోసం ఎదురుచూడగా చూడగా, చివరికి ఆమెను తీసుకురావడానికి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళే రోజు వచ్చింది. సామాన్లు మోయడానికి నన్ను రమ్మన్నాడు. రమ్మనడం అంటే, "పాసైనా, రెడీ అవ్వు" అనడమే. అతను లోపల కొత్త చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే నేను కారు తుడుస్తానని తాళాలు అడిగి కిందికి వచ్చాను. ఆ రకం కార్లలో హెడ్‌లైట్ల మీటను లోపలికి నొక్కి, కొంచెం తిప్పి లాగితే మొత్తం ఊడి చేతికొస్తుంది. దాని వెనక వైర్లన్నీ ఒక ప్లాస్టిక్ పెట్టెలో గుచ్చి ఉంటాయి. మీటర్ల వెలుగు వైరు చివరి పిన్నుకు ఒక చిన్న నాలుక ఉంటుంది. సన్న స్క్రూడ్రైవరుతో దాన్ని నొక్కి పిన్నును కొంచెం వెనక్కి లాగాను. మళ్ళీ అంతా బిగించాక చూస్తే ఏమీ తెలియదు. హెడ్‌లైట్లు వెలుగుతాయి, ఫ్యూజు బాగుంటుంది, బల్బులు బాగుంటాయి. మీటర్లు మాత్రం నల్లగా ఉంటాయి. పగలు బయలుదేరుతున్నాం, పోయేటప్పుడు తెలియదు. చలికాలం, వచ్చేటప్పటికి చీకటి. ఆమె పక్కన కూర్చుని ఉంటుంది. నేను వెనక కూర్చుని చూస్తాను. గుడ్డ తీసుకుని కారు నిజంగానే తళతళలాడేట్టు తుడిచాను.

హైమవతి సన్నగా, ప్రయాణం బడలికతో, తెల్లని స్వెట్టరులో వచ్చింది. నన్ను చూసి నమస్కారం పెట్టింది. "మీ గురించి చాలా చెప్పారండీ. ఏదైనా రిపేరు చేసేస్తారట కదా," అంది. చక్రి అన్న నా గురించి ఎవరికైనా మంచి చెప్పాడని అప్పుడే విన్నాను. ఒక్క క్షణం చేతిలోని పెట్టె బరువెక్కింది. అంతలో అతనే అందుకున్నాడు: "అవును, పాసవ్వడం తప్ప అన్నీ చేస్తాడు. రేయ్, ఆ అట్టపెట్టె జాగ్రత్త, ఆవకాయ." ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను.

అతను తాళం తిప్పాడు, లైట్ల మీట తిప్పాడు. ముందు గోడ మీద హెడ్‌లైట్ల వెలుగు పడింది. డాష్‌బోర్డు నల్లగా ఉండిపోయింది. స్వామి కూడా.

"అదేంటి," అన్నాడు. మీట ఆపి మళ్ళీ తిప్పాడు. పక్కనున్న చిన్న చక్రం పైకీ కిందికీ దొర్లించాడు, వెలుగు తగ్గించే చక్రం అది. పిడికిలితో డాష్‌బోర్డును కొట్టాడు.

"ఏమైందండీ?" అంది ఆమె.

"ఏం లేదు, ఏం లేదు. చిన్న లూజు."

స్పీడు ముల్లు కనపడక హైవే ఎక్కడం ఎలా? ఆమె సంచిలోంచి ఊరి నుంచి తెచ్చుకున్న చిన్న ఫోను తీసింది. అప్పట్లో వచ్చేవి, నెత్తిన టార్చి ఉన్నవి. పక్క సీట్లోంచి వంగి ఆ టార్చి ముల్లు మీద పట్టుకుంది. జర్మనీలో ఆమె చేసిన మొదటి పని అది. "ఎనభై అండీ... తొంభై... మెల్లగా, మెల్లగా," అని చదువుతూ వచ్చింది. నాకు వెనక నవ్వాగలేదు, ఆవకాయ పెట్టె మీద ముఖం ఆనించుకున్నాను. దారిలో ఆగే చోట అతను బండి పక్కకు తీశాడు. ఫ్యూజుల మూత ఊడదీసి, ఒక్కొక్క ఫ్యూజు లాగి స్తంభం లైటుకు ఎత్తి చూశాడు. బాగున్నాయి. నేను టార్చి పట్టుకున్నాను, అతను వెతకాల్సిన చోటికి జానెడు దూరంలో. "లోపలి లైటు వస్తుందిరా, ఇది ఎందుకు రాదు?" అని పైకప్పు లైటు వేసి చూపించి నన్ను అడిగాడు. జీవితంలో మొదటిసారి, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నేను తీరిగ్గా వంగి చూశాను. "చెప్తే కోపం చేస్తవేమో అన్నా. నీ దేవుని లైటుతోనే అయిందనుకుంట. అప్పుడే చెప్పిన, గట్ల కలపద్దని." అతను భార్య వైపు చూడకుండా టేపు పీకేసి స్వామి వైరు ఊడదీశాడు. అప్పుడూ వెలగలేదు. "లోపల కాలి ఉంటది," అన్నాను. అతని ముఖం చూసి నాకు కడుపు నిండింది. అబద్ధం రాయను, ఆ నిమిషం ఎంత తీయగా ఉండిందో ఇప్పటికీ నాకు గుర్తుంది.

మళ్ళీ దారి పట్టాక వాళ్ళమ్మ ఫోను. నడుపుతున్నాడు కాబట్టి అందరికీ వినపడేట్టు పెట్టాడు. "చేరారా నాన్నా? అమ్మాయి వచ్చిందా?"

"వచ్చిందమ్మా. కార్లో లైట్లు పోయాయి, మెల్లగా పోతున్నాం. స్వామి లైటు కూడా పోయింది."

అవతల టీవీ కట్టేసిన చప్పుడు వినపడింది. "ఎప్పుడు పోయింది?"

"ఎయిర్‌పోర్టులో, బండి తీస్తుంటే."

"అమ్మాయి ఎక్కకముందా, ఎక్కాకా?"

అతను ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. "ఎక్కాక," అన్నాడు.

"ఇన్నాళ్ళూ వెలిగిందిగా. సరేలే. కొత్త కాలు. జాగ్రత్తగా రండి," అని పెట్టేసిందామె. టార్చి వెలుగు ముల్లు మీద నుంచి పక్కకు జరిగి, ఆమె మోకాలి మీద పడింది. కాసేపటికి మళ్ళీ ముల్లు మీదికి వచ్చింది. "తొంభై," అంది హైమవతి. ఆ గొంతు విన్నాను. నేను చేసింది దారి తప్పి ఎవరి మీద పడిందో నాకప్పుడే తెలుసు. అయినా, చెబితే చక్రి అన్న గెలుస్తాడు అనుకున్నాను. ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే భయం వేసి, ఎవరూ చూడకుండా ఆ పిన్నును ముందుకు తోసేశాను. దాంతో ఇంకా చెడింది. ఆ సాయంత్రం చక్రి అన్న ఒక్కడే అంగడికి వెళ్ళాడు, లైట్లు చక్కగా వెలిగాయి. వచ్చి అదొక వింతలాగా వాళ్ళమ్మకు ఫోనులో చెప్పాడు. హైమవతి లేకుండా వెళితే వెలిగిందన్న మాట. ఇంక ఆ తల్లికి వేరే రుజువు అక్కర్లేకపోయింది.

సాహితి కారు పూజయిన రాత్రి పద్మకు అంతా చెప్పాను. "ఆమె చేతి కాఫీ ఎన్నిసార్లు తాగినవ్?" అంది. తర్వాత, "ఫోన్ల చెప్పకు. పోయి చెప్పు," అంది.

కాట్‌బస్ కార్ల్స్‌రూహె నుంచి దేశానికి ఆ చివర. రైళ్ళు మారి మారి వెళ్ళాను. తలుపు చక్రి అన్నే తీశాడు. "ఏరా పాసైన! ఇంత దూరం ఏంట్రా?" అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాటకు నా చెవులు వేడెక్కాయి. వెనక్కి తిరిగి రైలెక్కుదామా అనిపించింది. హైమ వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కూర్చోకుండానే చెప్పాను. స్విచ్చు, పిన్ను, కారు తుడవడం, మర్నాడు పొద్దున్న, అన్నీ. ఎందుకు చేశానో కూడా చెప్పాను.

"దానికా?" అన్నాడు చక్రి అన్న. "ఒక జోకుకా? నాకు గుర్తు కూడా లేదురా. దానికి నా స్వామి మీద నెపం పెట్టావా?"

"మా బాపు దుకాణంల పెడాలు పంచిండన్నా."

"నాకేం తెలుసు మీ బాపు పెడాల సంగతి?"

"మీరిద్దరూ ఆగండి," అంది వదిన. నా వైపు తిరిగింది. "అయితే, నేను కాదు."

"కాదు వదినా."

"నేను ఎక్కకపోయినా వెలిగేది కాదు."

"ఎవరెక్కినా వెలిగేది కాదు."

ఆమె తల ఊపి, ఫోను అందుకుంది. "అత్తయ్యకు చెప్పండి. ఇప్పుడే." చక్రి అన్న, "హైమా, ఆవిడకిప్పుడు ఎందుకే, పెద్దదైపోయింది," అంటున్నాడు. ఆమె అతని వైపు చూడనైనా చూడలేదు. ఆమె ముఖంలో నాకు బాగా తెలిసినది ఒకటి కనిపించింది. పప్పు కలుపుతూ నేను రోజూ మోసిన కసి. ఫోను తెరమీద ఒక ముసలామె ముఖం, బాగా దగ్గరగా, సగం నుదురు మాత్రమే కనపడింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. చెవి సరిగా వినపడదు, గట్టిగా మళ్ళీ చెప్పాను. "అమ్మా! ఆ రోజు కార్ల లైటు తీసింది నేను! మీ కోడలు తప్పు లేదు!"

"ఏ కారు?" అందామె. "ఏ లైటు నాయనా? నాకేం గుర్తులేదే. ఎవరబ్బాయివి నువ్వు? భోంచేశావా?"

వదిన ఫోను ఆపి బల్ల మీద బోర్లా పెట్టింది. కొంచెం సేపు దాని వెనకవైపే చూస్తూ నిలబడింది. ఏడవలేదు. చక్రి అన్నతో నాకు ఆ రోజు ఇంకే మాటా మిగల్లేదు, ఈనాటికీ లేదు. ఆమెతో మిగిలింది ఒకటే.

"వదినా," అన్నాను, "ఆయన మీది కోపంతోని చేసిన. అది మీ మీద పడ్డది చూసిన. చూసి గూడ ఊకున్న, ఇన్నేండ్లు ఊకున్న. తప్పు నాది. మీకు చేసిన అన్యాయానికి నన్ను క్షమించుండ్రి."